సన్నబియ్యం మిగిల్చిన పైసలు

2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలైంది. ఆ ఏప్రిల్ నుంచి రేషన్ కార్డున్న ఇంటికి మనిషికి ఆరు కిలోల చొప్పున ఉచితంగా వస్తున్నాయి. అంతకుముందు వచ్చేవి దొడ్డుబియ్యం. వాటిని చాలా ఇండ్లలో తినేవాళ్లు కాదు. ఇడ్లీకో దోశకో కొన్ని ఉంచుకుని, మిగతావి వచ్చిన ధరకు అమ్మేసి, బయట సన్నబియ్యం బస్తా కొనుక్కునేవాళ్లు. జనగామలో అడిగినా, మానుకోట (మహబూబాబాద్)లో అడిగినా, భూపాలపల్లిలో అడిగినా ఇదే మాట. ఇప్పుడు ఆ బస్తా కొనే పని చాలావరకు తప్పింది. నలుగురున్న ఇంటికి నెలకు ఇరవై నాలుగు కిలోలు. కిలోకు సుమారు యాభై రూపాయలు వేసుకున్నా పన్నెండు వందలు మిగలాలి.

మరి ఆ పన్నెండు వందలు మీ ఇంట్లో ఎటు పోతున్నాయి? తప్పు పట్టడానికి అడగడం లేదు. చాలా ఇండ్లలో అవి విడిగా కనిపించకుండానే ఖర్చయిపోతాయి. ఫోన్ రీచార్జికి కొంత, బండి పెట్రోలుకు కొంత, కిరాణం షాపు ముందు వేలాడే ప్యాకెట్లకు కొంత. పిల్లల తిండి గురించి సలహా అడిగే తల్లిదండ్రులకు నేను ముందు చెప్పేది ఈ పైసల సంగతే. బియ్యం బాధ తీరింది కాబట్టి, బియ్యం మీద పెట్టిన పైసలను బియ్యం పక్కన ఉండాల్సిన వాటి మీదకు మళ్లించండి. పప్పు, గుడ్డు, ఆకుకూర, పల్లీలు, ఒక పండు. కొత్తగా సంపాదించి పెట్టాల్సింది ఏమీ లేదు. ఇద్దరు పిల్లలకు రోజుకో గుడ్డు చొప్పున నెలకు అరవై గుడ్లు, ఒక్కోటి ఏడు రూపాయలనుకున్నా నాలుగు వందల పైచిలుకు. రెండు కిలోల కందిపప్పు, ఒక కిలో పల్లీలు కలిపి మరో నాలుగు వందలు. మిగిలినవి ఆకుకూర కట్టలకు, జామపండ్లకు సరిపోతాయి.

ఎందుకింత పట్టుగా చెప్తున్నానంటే, 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేండ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. పదిమందిలో ఏడుగురు! వీళ్లలో ఎక్కువమంది ఆకలితో పడుకునే పిల్లలు కారు. పొద్దున చాయ్, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ప్యాకెట్, రాత్రి మళ్లీ అన్నం, ఇలా కడుపు నిండిన పిల్లలు. కడుపు నిండింది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. పిల్లవాడు ఆడుతూ ఆడుతూ తొందరగా అలసిపోయినా, బడిలో తల వాల్చినా, ‘వీడిది మొదటి నుంచీ సన్నపానం’ అనుకుంటాం.

1918లో కూనూరులో మొదలై, ఆ తర్వాత హైదరాబాద్ తార్నాకకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయులకు ఆహార మార్గదర్శకాలను కొత్తగా విడుదల చేసింది. రోజుకు రెండు వేల కేలరీలు అవసరమయ్యే మనిషికి అందులో వేసిన లెక్క చూడండి. బియ్యం, గోధుమలు, జొన్నల వంటి గింజలన్నీ కలిపి 250 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. పప్పు, గుడ్డు, మాంసం కలిపి 85 గ్రాములు. పల్లీలు, నువ్వుల వంటివి 35 గ్రాములు. పండ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు. పిల్లలకు వయసును బట్టి కొలత తగ్గుతుంది కానీ ఏది ఏ నిష్పత్తిలో ఉండాలన్నది పెద్దగా మారదు. ఇక మన కంచాలు చూడండి. అన్నం గుట్టంత, కూర నంజుకునేటంత. పిల్లల కంచంలోనైతే ఆ నంజుడు కూడా ఉండదు, ‘కారం’ అంటారని చారు పోసి కలిపి పెడతాం. గింజల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటకూడదని ఆ సంస్థ మాట. మన పల్లెల్లో చాలా ఇండ్లలో అది ఎంతో దాటిపోతుందని చెప్పడానికి సర్వేలు అక్కర్లేదు, కంచంలోకి తొంగిచూస్తే చాలు.

మొదట చేయాల్సింది చిన్న పనే. అన్నం గరిటె ఒకటి తగ్గించి, పప్పు గరిటె ఒకటి పెంచండి. పలుచని పప్పుచారులో పప్పు ఎక్కడుందో వెతుక్కునే పరిస్థితి ఉండొద్దు. ముద్దపప్పు వండి, పిల్లల కంచంలో ముందు అదే వేయండి. నిమ్మకాయ ఉంటే ఆ పప్పులో పిండండి. పప్పులో, ఆకుకూరలో ఉండే ఇనుము ఒంటికి పట్టాలంటే పులుపులోని విటమిన్ సి తోడుండాలి. మనవాళ్లు పుంటికూర పప్పు, చింతచిగురు పప్పు వండుకోవడంలో రుచితో పాటు ఈ లాభమూ ఉంది. వండేది ఇనుప కడాయిలో అయితే ఇంకా మేలు. పులుపున్న కూర ఇనుప గిన్నెలో ఉడికితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. మహబూబాబాద్ జిల్లా బయ్యారం గుట్టల్లో ఇనుప ఖనిజం ఉంది, ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఏండ్ల తరబడి కొట్లాట నడుస్తోంది. ఆ ఫ్యాక్టరీ ఎప్పుడొస్తుందో గానీ, ఇనుప కడాయి మాత్రం ఈ వారం అంగడిలోనే దొరుకుతుంది.

కొందరు తల్లిదండ్రులు నాతో వాదిస్తారు. ‘పాతకాలంలో మా తాతలు జొన్న గట్క, తైద అంబలి తాగి వందేండ్లు బతికారు, మళ్లీ అవే తింటే సరి’ అంటారు. ఈ మాటను నేను సగమే ఒప్పుకుంటాను. గట్క తిన్న తరం దాన్ని ఇష్టపడి తినలేదు, బియ్యం దొరక్క తిన్నది. 1983లో ఎన్‌టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు జనం సంబరపడ్డారంటే దానికి కారణం ఉంది. పండుగకు మాత్రమే వండే వరి అన్నం రోజూ కంచంలోకి వచ్చింది. అన్నాన్ని తిట్టాల్సిన పని లేదు. కానీ జొన్న, సజ్జ, తైదలు మన వంటింట్లో నుంచి పూర్తిగా పోవడం నష్టమే. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో వంద గ్రాముల తెల్ల బియ్యంలో ఇనుము ముప్పావు మిల్లీగ్రాము కూడా లేదు. జొన్నల్లో దాదాపు నాలుగు మిల్లీగ్రాములు, సజ్జల్లో ఆరుకు పైన. తైదల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు. అందుకే మూడు పూటలా వద్దు గానీ, రోజుకు ఒక పూట జొన్న రొట్టె పెట్టుకోమంటాను.

జొన్న రొట్టె రాదని చిన్న వయసు తల్లులు భయపడతారు. గోధుమ పిండిలాగా చల్లని నీళ్లతో కలిపితే రాదు, విరిగిపోతుంది. ముందు నీళ్లు మరగబెట్టి, కొంచెం ఉప్పేసి, ఆ మరిగే నీళ్లను పిండిలో పోసి గరిటె కాడతో కలపండి. చేయి పెట్టగలిగేంత వేడికి దిగాక బాగా పిసకండి. ఆ పిసుకుడు దగ్గరే రొట్టె తయారవుతుంది. చిన్న ముద్ద తీసుకుని పిండి చల్లి అరచేత్తో కొట్టుకుంటూ పోతే అంచు చీలకుండా వస్తుంది. పెనం మీద వేశాక పైన తడి బట్టతో ఒకసారి తుడిచి, ఆ తడి ఆరాక తిప్పేయండి. మొదటి రెండు మూడు రొట్టెలు భూపటంలా వచ్చినా ఫర్వాలేదు, వేడివేడిగా ఉంటే పిల్లలు ఆకారం చూడరు. పక్కన పాలకూర పప్పో, కోడిగుడ్డు కూరో పెడితే అది పూర్తి భోజనమే. ఈ రొట్టెలో చేయి తిరిగిన పెద్దమ్మలు తండాల్లో ఇంకా ఉన్నారు. మహబూబాబాద్ జిల్లాలో మూడో వంతుకు మించి గిరిజనులే, అందులో ఎక్కువమంది లంబాడాలు. వాళ్ల ఇండ్లలో ఒక రోజు కూర్చుంటే ఈ విద్య వంటల వీడియోల కన్నా తొందరగా వస్తుంది.

ఇక చాయ్ సంగతి. ఇది చెప్పినప్పుడే నా మీద ఎక్కువమందికి కోపం వస్తుంది. జనగామ, మానుకోట, భూపాలపల్లి, మన ఈ మూడు జిల్లాల్లో పొద్దున పిల్లవాడి చేతికి ముందుగా వచ్చేది చాయ్ గ్లాసు. పక్కన బిస్కెట్ ప్యాకెట్, లేదంటే టోస్ట్. మూడేండ్ల పిల్ల బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి, అది మెత్తబడి గ్లాసులోకి జారిపోయేలోపు నోట్లో పెట్టుకునే ఒడుపు చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. ఆ తర్వాత పదింటి దాకా ఆకలి ఉండదు. బడిలో మధ్యాహ్నం దాకా ఆ చక్కెరే ఆధారం. పైగా చాయ్‌లో ఉండే టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దని 2024 మార్గదర్శకాలు పెద్దలకే చెప్పాయి. పిల్లలకు అసలు చాయ్ అవసరమే లేదు.

ఒక్క రోజులో ఆపేయమని చెప్పను. ఇంట్లో అందరూ చాయ్ తాగుతూ పిల్లకు మాత్రం వద్దంటే అది శిక్ష అవుతుంది. ముందు పిల్లల గ్లాసులో చాయ్‌పత్తా తగ్గించి పాలు పెంచండి. వారం పది రోజులకు అది ఉత్త పాలు అవుతుంది. ఆ తర్వాత చక్కెర తగ్గించండి. బిస్కెట్ స్థానంలో రాత్రి నానబెట్టిన పల్లీలో, ఉడికించిన గుడ్డో, అట్టో, నిన్నటి జొన్న రొట్టె ముక్కో. గ్లాసు మాత్రం అదే ఉంచండి. పిల్లలకు చాయ్ కన్నా పెద్దవాళ్లలా స్టీలు గ్లాసు పట్టుకోవడమే ఎక్కువ ఇష్టమని మీకూ తెలుసు.

చక్కెర గురించి ఒక లెక్క చెప్పి ముందుకు పోతాను. పెద్దలకు రోజుకు 25 గ్రాముల లోపు, అంటే అయిదు టీ స్పూన్ల లోపు చక్కెర చాలని సలహా. రెండేండ్ల లోపు పిల్లలకు వేరుగా చక్కెర వేయనే వద్దు. ఒక్క చిన్న కూల్‌డ్రింక్ సీసాలో, పావు లీటరులో, ఆ అయిదు స్పూన్లూ అయిపోతాయి. ఈ లెక్క నమ్మకపోతే ఈ రోజు సాయంత్రం మీ ఇంట్లో ఉన్న ప్యాకెట్ ఒకటి తీసి వెనకవైపు తిప్పండి. ముందు వైపు ఉన్న బొమ్మలను పట్టించుకోకండి. వెనక సన్నటి అక్షరాల్లో పదార్థాల పట్టిక ఉంటుంది. ఏది ఎక్కువ వాడితే దాని పేరు ముందు రాయాలని నియమం. క్రీమ్ బిస్కెట్ అయితే మైదా, చక్కెర, పామాయిల్, సాధారణంగా ఇవే మొదటి మూడు. కింద వంద గ్రాములకు ఎంత చక్కెరో రాసి ఉంటుంది. ముప్పై గ్రాములకు పైన కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. వంద గ్రాముల ప్యాకెట్‌లో దాదాపు మూడో వంతు చక్కెరే అన్నమాట. అక్షరాలు చదవగలిగే పిల్లలుంటే ఆ పని వాళ్లకే అప్పజెప్పండి. మీరు వద్దంటే మొండికేసే పిల్లవాడు తానే చదివి తానే లెక్కవేస్తే కొంచెం ఆలోచిస్తాడు.

ప్యాకెట్ మీద ముందువైపు రాసింది నమ్మొద్దనడానికి మన హైదరాబాద్‌లోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. విరేచనాలైన పిల్లలకు తాగించే ఓఆర్‌ఎస్ పేరును తీపి పానీయాల డబ్బాల మీద ముద్రించి మందుల షాపుల్లో అమ్మేవాళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములే. ఆ డబ్బాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు ఎక్కువ, అది విరేచనాలను ఇంకా పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏండ్ల తరబడి ఒంటరిగా పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత సంస్థ అలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాటే వాడొద్దని ఆదేశించింది. పిల్లలకు మోషన్లు అయినప్పుడు ఆశా కార్యకర్త దగ్గరో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఉచితంగా ఇస్తారు. దాని మీద రాసినన్ని నీళ్లలో కలిపి తాగించండి.

సరే, ప్యాకెట్లు మానిపిస్తే సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లకు ఏం పెట్టాలి? ఇక్కడ మన ఓరుగల్లు ప్రాంతం వాళ్లం వేరే ఊళ్ల వైపు చూడాల్సిన పనే లేదు. బతుకమ్మ తొమ్మిది రోజుల నైవేద్యాలు గుర్తు తెచ్చుకోండి. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వెన్నముద్దలు, చివరి రోజు అయిదు రకాల సద్దులు. నువ్వులు, పల్లీలు, పెసర్లు, కొబ్బరి, పెరుగు, నిమ్మకాయ, చింతపండు అన్నీ అందులోనే ఉన్నాయి. పండుగ రోజుల్లో అమ్మవారికి పెట్టేదాన్ని మిగతా రోజుల్లో పిల్లలకు పెట్టడానికి ఎందుకు మొహమాటపడతామో నాకు అర్థం కాదు.

ముఖ్యంగా నువ్వుల సత్తు. నువ్వులు మందపాటి మూకుడులో సన్న సెగ మీద వేయించండి. చిటపటమని ఎగరడం మొదలవగానే దింపేయాలి, ఇంకాస్త ఉంచితే చేదు వస్తుంది. పల్లీలు విడిగా వేయించి పొట్టు తీయండి. రెండూ చల్లారాక బరకగా దంచి, చివర్లో బెల్లం తురుము వేసి మరొకసారి దంచితే నువ్వుల నూనెతోనే ముద్ద కడుతుంది, నెయ్యి అక్కర్లేదు. వంద గ్రాముల నువ్వుల్లో వెయ్యి మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. డబ్బాలో పోసి పెడితే పది రోజులు వస్తుంది. బెల్లం మాత్రం చెయ్యి వెనక్కి పెట్టి వేయండి. బెల్లం మంచిదని గుప్పెళ్లతో వేసేవాళ్లున్నారు, అదీ చక్కెర లెక్కలోకే వస్తుంది. తీపి ఇష్టం లేని పిల్లలకు గుడాలు ఉన్నాయి. బొబ్బర్లో శనగలో పొద్దున నానబెట్టి పోతే సాయంత్రం కుక్కర్‌లో మూడు కూతలు, ఉల్లిగడ్డ ముక్కలు, నిమ్మకాయ, అంతే. మక్కల కాలంలో కాల్చిన మక్కకంకి, జామ కాలంలో జామపండు. విటమిన్ సి కోసం దూరం నుంచి వచ్చే కమలాలు కొంటాం గానీ, జామపండులో అది కమలాల కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ.

ఇంతా చేసి మీరు పొలానికో డ్యూటీకో పోగానే మనుమడు నాయినమ్మ కొంగు పట్టుకుంటాడు. ‘అవ్వా, ఐదు రూపాలియ్యే.’ అవ్వ కొంగు ముడి విప్పుతుంది. అడిగితే, ‘పోరడు ఏడుస్తుంటె నా పానం ఆగుతదా బిడ్డా’ అంటుంది. ఆమెతో కొట్లాడకండి. పిల్లవాడికి ఇవ్వడంలోనే ఆమె ప్రేమ ఉంది, ఆమె చేతిలో ఇవ్వడానికి వేరేది పెట్టండి. సత్తు డబ్బా, పల్లిపట్టి డబ్బా అవ్వ గదిలోనే ఉంచండి. అరటిపండ్లు ఆమె పక్కనే పెట్టి పొండి. ‘ప్యాకెట్ కొనొద్దు’ అని అవ్వకు చెప్పేకన్నా, ‘అత్తమ్మా, పొద్దుమూకితే ఈడికి ఇవి నువ్వే పెట్టాలి’ అని అప్పజెప్తే ఆమె పట్టుదల చూడండి! ఇక తండ్రుల మాట. వారం వారం అంగడికి సంచి పట్టుకుని పోయేది ఎక్కువగా నాయినలే. రాత్రి చౌరస్తాలో మిర్చి బజ్జీలు, ఎగ్ నూడుల్స్, మంచూరియా పార్సిల్ తెచ్చేదీ వాళ్లే. ఆ బండి మీద నూనె ఎన్నిసార్లు మరిగి నల్లబడిందో దగ్గర నిలబడి చూసినవాళ్లకు తెలుసు. పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్ వల్ల జనం జబ్బు పడుతున్నారని 2024 అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఏడాదిపాటు నిషేధించింది కూడా. ఆ పార్సిల్ వారానికి ఒక రోజుకు కుదించుకోండి. మిగతా రోజుల్లో చేతిలో అరడజను గుడ్లతో ఇంటికి రండి. పిల్లలు ఎదురుచూసేది మీ కోసం, మీ చేతిలో ఏదో ఉందన్న సంబరం కోసం.

సంక్రాంతి దాటాక మానుకోట చుట్టుపక్కల మిర్చి ఏరే కాలం వస్తుంది. తల్లులు తెల్లవారక ముందే ఆటో ఎక్కాలి. అలాంటి ఇండ్లలో ‘పొద్దున వేడివేడిగా వండండి’ అనడం మొహం మీద ఎగతాళి చేసినట్టు ఉంటుంది. ఆ నెలల్లో రాత్రి వంటలోనే పొద్దుటిది కలిపి చేసుకోవాలి. రాత్రి నాలుగు జొన్న రొట్టెలు ఎక్కువ చేయండి. గుడ్లు రాత్రే ఉడికించి పొట్టుతో ఉంచండి. రాత్రి అన్నంలో పాలు పోసి తోడు పెట్టిన పెరుగన్నం పొద్దుటికి పిల్లలకు చల్లగా ఉంటుంది, పక్కన ఒక ఉల్లిగడ్డ చాలు. భూపాలపల్లిలో సింగరేణి షిఫ్టుల ఇండ్లది వేరే బాధ. నాయిన రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి పిల్లలు బడికి పోతుంటారు, ఇల్లంతా ఒకేసారి కూర్చుని తినే పూటే ఉండదు. షిఫ్టును బట్టి రోజులో ఏదో ఒక పూట అందరూ కలిసి తినేలా చూసుకోండి. పిల్లలు కొత్త కూరను నోట్లో పెట్టుకునేది పెద్దవాళ్లు తింటుంటే చూసి.

చిన్నపిల్లలున్నవాళ్లు అంగన్‌వాడీని వదులుకోవద్దు. ఏడు నెలల నుంచి మూడేండ్ల దాకా ఇచ్చే బాలామృతంలో గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర ఉంటాయి. కొన్ని ఇండ్లలో దాన్ని అందరూ తలా కొంచెం తినేస్తారు. అది ఆ పసిపిల్ల కోసం కొలిచి ఇచ్చింది, ఆ పిల్లకే పెట్టండి. అందులో చక్కెర ముందే ఉంది కాబట్టి మళ్లీ కలపొద్దు. గుడ్డు ఇస్తే ఇంటికి తెచ్చి కూరలో వేసి అందరికీ పంచకుండా, తినాల్సిన పిల్లకే తినిపించండి. ఏటూరునాగారం ఐటీడీఏ పరిధిలో గిరిజన సంక్షేమ శాఖ ఇక్రిశాట్‌తో కలిసి గిరి పోషణ పేరుతో జొన్నలు, పప్పుధాన్యాలతో చేసిన తిండి పిల్లలకు పెట్టింది. జొన్నకు పిల్లల తిండిలో మళ్లీ చోటు దొరికిందన్నమాట.

ఆకుకూరలు కొందామంటే మందుల భయం అంటారు. న్యాయమైన భయమే. మిర్చి, పత్తి పండే జిల్లాలు మనవి, ఎంత మందు కొడతామో మనకే బాగా తెలుసు. కానీ ఆ భయంతో కూరలు మానేస్తే నష్టం పిల్లలకే. జనగామ జిల్లా లింగాల ఘణపురం మండలంలో ఎనబావి అనే చిన్న ఊరుంది. సుమారు యాభై కుటుంబాలు. పురుగుమందుల అప్పులతో విసిగిపోయి, జనగామలోని క్రాప్స్ అనే స్వచ్ఛంద సంస్థ అండతో ఒక్కొక్కటిగా మందులు, ఎరువులు మానేసి, 2006లో ఊరు ఊరంతా రసాయనాలు లేని ఊరుగా ప్రకటించుకుంది. ఆ రోజుల్లో ఇలా ప్రకటించుకున్న మొదటి ఊళ్లలో అదొకటి, దేశం నలుమూలల నుంచి రైతులు చూడటానికి వచ్చారు. అందరం ఎనబావి కాలేం. కానీ ఇంటి వెనక స్నానాల నీళ్లు పారే చోట ఒక మునగ కొమ్మ, బచ్చలి తీగ, నాలుగు మళ్ల తోటకూర, ఒక బొప్పాయి మొక్క పెట్టడానికి ఎకరాలు అక్కర్లేదు. పత్తి చేనున్నవాళ్లు గట్ల మీద బొబ్బర్లు, బెండ, మధ్యలో కంది సాళ్లు వేసి, ఆ భాగం మందు తగలకుండా ఉంచుకుంటే ఇంటి కూర అక్కడే పండుతుంది. కొన్నవాటిని ఉప్పు నీళ్లలో కొంతసేపు ఉంచి, పారే నీళ్లలో కడిగి వాడండి. కొంతైనా తగ్గుతుంది.

అన్నీ చేసినా పిల్ల నోరు మూసుకుంటుంది. ‘యాక్’ అంటుంది. అప్పుడు మనం చేసేవి రెండే. ఫోన్‌లో బొమ్మలు పెట్టి, దానికి తెలియకుండా ముద్ద మీద ముద్ద కుక్కేస్తాం. లేదంటే ‘ఇది తింటే చాక్లెట్ ఇస్తా’ అంటాం. రెండూ వద్దు. ఫోన్ చూస్తూ తినే పిల్లకు తన కడుపు నిండిందో లేదో తెలియకుండా పోతుంది. చాక్లెట్ లంచం ఇస్తే తోటకూర కష్టమని, చాక్లెట్ బహుమానమని మనమే నేర్పినవాళ్లమవుతాం. అమెరికాలో పిల్లల తిండి మీద ఏండ్ల తరబడి పనిచేసిన ఎలిన్ శాటర్ అనే పోషకాహార నిపుణురాలు తల్లిదండ్రులకు, పిల్లలకు పని పంచింది. ఏం వండాలో, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో పెద్దలు చూసుకోవాలి. ఎంత తినాలో, తినాలో వద్దో పిల్లకు వదిలేయాలి. మన ఇండ్లలో దీనికి ఒప్పుకోవడం కష్టం, ‘రెండు ముద్దలే తిన్నది’ అని రాత్రంతా మనకు నిద్ర పట్టదు. అయినా ప్రయత్నించండి. ఒక కొత్త కూరను పిల్లలు ఒప్పుకోవడానికి పది పదిహేను సార్లు కంచంలో కనిపించాల్సి రావచ్చు. రెండు సార్లకే ‘మా పిల్లకు పాలకూర పడదు’ అని తీర్పు చెప్పేస్తాం. ఒక చెంచాడు వేయండి, తినకపోతే ఏమీ అనకుండా తీసేయండి, నాలుగు రోజులకు మళ్లీ వేయండి. కూర తరిగేటప్పుడు, చిక్కుడుకాయ ఈనెలు తీసేటప్పుడు, మునగాకు దూసేటప్పుడు వాళ్లనూ కూర్చోబెట్టండి. తాను దూసిన ఆకుతో చేసిన పప్పును రుచి చూడకుండా ఉండే పిల్ల అరుదు.

ఇంత చేసినా పాప ముఖం పాలిపోయి ఉంటే, కనురెప్ప కింద తెల్లగా కనిపిస్తే, మట్టి, సుద్దముక్కలు తింటుంటే తిండితోనే నెట్టుకురావొద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ చూపించండి. అయిదేండ్ల లోపు పిల్లలకు 11 గ్రాముల కన్నా తక్కువ ఉంటే రక్తహీనతే. అంగన్‌వాడీలో, బడిలో ఏటా రెండు విడతలుగా నులిపురుగుల మందు వేస్తారు, ఆ రోజు పిల్లలను ఇంట్లో ఆపొద్దు. నులిపురుగులుంటే మీరు పెట్టిన తిండిలో కొంత వాటికే పోతుంది. ఐరన్ సిరప్ ఇస్తే పాలతో కాకుండా తిన్న తర్వాత కొంచెం నిమ్మరసంతోనో జామపండుతోనో ఇవ్వండి. రెండో రోజు నుంచి పిల్ల దొడ్డికి పోతే నల్లగా వస్తుంది. అది చూసి బెదిరి సిరప్ ఆపేసే తల్లులు చాలామంది ఉన్నారు. అది ఐరన్ రంగే, భయం లేదు, సీసా అయిపోయేదాకా వేయండి.